తుఫాను మర్నాడు డీజిల్ ఎక్కడ? దివిసీమ నుంచి హుద్‌హుద్ దాకా

తుఫాను అనగానే మనకి గాలి, వాన, ఉప్పెన గుర్తొస్తాయి. డీజిల్ గుర్తొస్తుందా? రాదు కదా. కానీ తుఫాను తీరం దాటిన మర్నాడు మీ ఫోన్‌లో సిగ్నల్ ఉంటుందా, కుళాయిలో నీళ్లొస్తాయా, ఆస్పత్రిలో లైట్లు వెలుగుతాయా అన్నది చాలావరకు డీజిల్ మీదే ఆధారపడి ఉంటుంది. ఈ ఎపిసోడ్‌లో ఆ చరిత్ర చెప్పుకుందాం.

ముందు అమెరికా సంగతి చూడండి. 2005 ఆగస్టు 29న కత్రినా వచ్చి న్యూ ఆర్లియన్స్ మునిగిపోయింది. నెల తిరక్కుండానే రీటా అనే ఇంకో తుఫాను టెక్సాస్ వైపు వస్తోందన్నారు. హ్యూస్టన్ చుట్టుపక్కల నుంచి 25 లక్షల మందికి పైగా ఇంచుమించు ఒకేసారి కార్లెక్కారు. గంటల తరబడి ట్రాఫిక్ కదల్లేదు. నిలబడ్డ కార్లలో పెట్రోల్ అయిపోయింది, దారిలో బంకులూ ఖాళీ అయిపోయాయి. టెక్సాస్‌లో రీటా వల్ల చనిపోయిన వాళ్లలో ఎక్కువమంది గాలికో నీళ్లకో కాదు, ఈ ప్రయాణంలోనే పోయారు.

మరి మన దగ్గర ఇలా ఎందుకు జరగదు? ఎందుకంటే మన జనం కారేసుకుని రెండొందల కిలోమీటర్లు పారిపోరు. ఆర్టీసీ బస్సులోనో, ట్రాక్టర్ మీదో, నడిచో దగ్గర్లో ఉన్న స్కూలుకో తుఫాను షెల్టర్‌కో వెళ్తారు. దానికి పట్టే ఇంధనం తక్కువ. మనకి అసలు కష్టం తుఫాను వెళ్లిపోయాక మొదలవుతుంది.

ఇది మనం ఒక్కరోజులో నేర్చుకోలేదు. 1977 నవంబర్ 19. దివిసీమ ఉప్పెన. పదివేల మందికి పైగా చనిపోయారు. అక్కడేం జరిగిందో బయటి ప్రపంచానికి వెంటనే తెలియను కూడా లేదు. ఆ తర్వాత తీరం వెంబడి షెల్టర్లు కట్టారు, హెచ్చరికలు మెరుగుపడ్డాయి. 1990 మే 9న మళ్లీ కృష్ణా జిల్లా తీరానికే పెద్ద తుఫాను వచ్చింది. నూజివీడు తోటల్లో చెట్ల మీద మామిడికాయ ఉండే రోజులవి. ఆ గాలి మామూలు గాలి కాదు. అయినా ముందే జనాన్ని పెద్ద ఎత్తున తరలించడంతో మృతులు వెయ్యిలోపే ఉన్నారు. అదీ తక్కువేం కాదు. కానీ 1977తో పోల్చి చూడండి.

ఇక 2014 అక్టోబర్ 12, హుద్‌హుద్. ఈసారి గాలి నేరుగా విశాఖ అనే మహానగరం మీద పడింది. గంటకి 170 కిలోమీటర్ల పైన వేగం. తరలింపు బాగానే జరిగింది. తెల్లారాక చూస్తే కరెంటు స్తంభాలు నేల మీద ఉన్నాయి. ఊళ్లోనే హెచ్‌పీసీఎల్ రిఫైనరీ ఉంది, అది కూడా ఆగింది. బంకుల దగ్గర బారులు తీరిన జనం. ఇక్కడో తమాషా ఉంది. బంకులో భూమి కింద ట్యాంకు నిండా పెట్రోల్ ఉన్నా, కరెంటో జనరేటరో లేకపోతే చుక్క పైకి రాదు! సెల్ టవర్లదీ అదే కథ. బ్యాటరీ కొన్ని గంటలే వస్తుంది. ఆ తర్వాత డీజిల్ పోస్తేనే సిగ్నల్.

ఇప్పుడు మన బాపులపాడు మండలానికి వద్దాం. ఇక్కడ ఉప్పెన రాదు. మరి ఈ కథలో మన పాత్రేంటి? విశాఖ నుంచి విజయవాడ మీదుగా సికింద్రాబాద్ వరకు ఇంధన పైప్‌లైన్ ఉంది. విజయవాడ పక్కన కొండపల్లిలో ఆయిల్ డిపోలున్నాయి. అక్కణ్ణుంచి బంకులకి ట్యాంకర్లే దిక్కు. ఏలూరు వైపు వెళ్లాలంటే హనుమాన్ జంక్షన్ దారిలోనే ఉంటుంది. ఆ రోడ్డు మీద ఒక్క మామిడి చెట్టు అడ్డంగా పడితే ట్యాంకర్ ఆగిపోతుంది. చెట్టు కోసే మిషన్‌కి పెట్రోల్ కావాలి. ఆ పెట్రోల్ రావాలంటే ట్యాంకర్ రావాలి. ముడి ఎక్కడుందో అర్థమైంది కదా?

అందుకే ఈ ముడిని ముందే విప్పాలి. గాలి రాకముందే బంకుల ట్యాంకులు నింపాలి. దీనికి ఇంకో కారణం కూడా ఉంది. భూమిలో నీళ్లు ఊరితే ఖాళీ ట్యాంకు పడవలా పైకి తేలే ప్రమాదం ఉంది. నిండు ట్యాంకు బరువుకి కదలదు. ఇంకోటి, ఇప్పుడు మన పెట్రోల్‌లో ఇథనాల్ కలుస్తోంది. ట్యాంకులోకి వాననీరు దిగితే ఆ నీళ్లతో కలిసి ఇథనాల్ అడుక్కి చేరుతుంది, అది బండికి పోస్తే ఇంజిన్ ఆగిపోతుంది. కాబట్టి మూతలు బిగించాలి, వాన తగ్గాక అడుగున నీరుందేమో చూశాకే అమ్మాలి. ప్రతి బంకుకీ ఒక జనరేటర్ ఉండాలి. ఉన్న డీజిల్‌లో మొదటి వాటా ఆస్పత్రికి, మంచినీళ్ల మోటార్లకి, చెట్లు తీసే జేసీబీలకి, టవర్లకి. మన బైకులు ఆ తర్వాత.

మనం చేయగలిగింది కూడా ఉంది. హెచ్చరిక రాగానే బండిలో అవసరమైనంత పోయించుకోండి, చాలు. ఇంట్లో సీసాల్లో, క్యాన్లలో దాచొద్దు. ఒక్క నిప్పురవ్వ చాలు, తుఫాను చేయని పని అది చేస్తుంది.

దివిసీమ మనకి ప్రాణాలు ముందే తరలించాలని నేర్పింది. డీజిల్ కూడా ముందే తరలించాలని హుద్‌హుద్ నేర్పింది. మీ ఊరి బంకులో జనరేటర్ ఉందా? ఈసారి వెళ్లినప్పుడు అడిగి, కామెంట్‌లో చెప్పండి.