బిడ్డను అడిగిందెవరు?

పిల్లల కస్టడీ తగువుల్లో బిడ్డ మాట కోర్టుదాకా ఎలా వచ్చిందో చూడాలంటే అనీబిసెంట్ ఎదుర్కొన్న రెండు కేసులతో మొదలుపెట్టాలి. భర్త నుంచి విడిపోయినప్పుడు కూతురు మేబెల్ ఆమె దగ్గరే ఉండాలని ఒప్పందం. అయినా 1878లో లండన్‌లో జడ్జి జార్జ్ జెస్సెల్ ఆ పిల్లను తండ్రికి అప్పగించాడు. తల్లి బాగానే చూసుకుంటోందని ఆయనే ఒప్పుకున్నాడు. ఆమె నాస్తికురాలు కావడం, సంతాన నియంత్రణ పుస్తకం అచ్చు వేయడం మాత్రం ఆయనకు మింగుడుపడలేదు.

రెండోది మన మదనపల్లె కుటుంబానిది. 1910లో జిడ్డు నారాయణయ్య తన కొడుకులు కృష్ణమూర్తిని, నిత్యానందను బిసెంట్ సంరక్షణలో ఉంచి, 1912లో తిరిగి ఇప్పించమని దావా వేశాడు. మద్రాసు హైకోర్టు తండ్రి పక్షాన నిలిచింది. 1914లో, అప్పటి ఆఖరి అప్పీలు కోర్టయిన ప్రీవీ కౌన్సిల్ ఆ తీర్పును కొట్టేసింది. పిల్లలు ఇంగ్లండులో ఉన్నారు, వాళ్ల తరఫున ఎవరూ హాజరుకాలేదు, వాళ్ల ఇష్టం కనుక్కోలేదు అన్నది దాని అభ్యంతరం. అప్పటికే కృష్ణమూర్తికి పద్దెనిమిది నిండాయి! జగద్గురువు కాబోతున్నాడని చాటిన బిసెంట్, ఆమె తోటి పెద్దలు మాత్రం ఆ కుర్రాణ్ణి అడిగారా అంటే, అనుమానమే.

నిజానికి తెలివిగా ఎంచుకోగల వయసున్న మైనరు ఇష్టాన్ని కోర్టు లెక్కలోకి తీసుకోవచ్చని 1890 గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టంలోనే ఉంది. 1956 హిందూ మైనారిటీ చట్టం బిడ్డ సంక్షేమమే అన్నిటికన్నా ముఖ్యమంది. అయిదేళ్లలోపు పిల్లలు మామూలుగా తల్లి దగ్గరే ఉండాలంది. కానీ ఆ సంక్షేమాన్ని తేల్చే పని చాలాకాలం జడ్జిమీదే పడింది. పిల్లవాణ్ణి ఛాంబరులోకి పిలిచి కాసేపు మాట్లాడేవారు. వారం రోజులుగా ఇంట్లో నూరిపోసిన జవాబేదో, వాడి మనసులోదేదో అంత తక్కువ సేపట్లో పట్టుకోవడం ఎంతటి జడ్జికైనా కష్టమే.

1984 ఫ్యామిలీ కోర్టుల చట్టం ఆ పనికి మనుషుల్ని ఇచ్చింది. కౌన్సెలర్లను నియమించుకోవచ్చు, 12వ సెక్షను కింద వైద్యుల, కుటుంబ సంక్షేమ నిపుణుల సాయం కోరవచ్చు. వాళ్లు తల్లితో, తండ్రితో, బిడ్డతో విడివిడిగా మాట్లాడి, అవసరమైతే ఇల్లు, బడి చూసి రిపోర్టు ఇస్తారు. నిర్ణయం జడ్జిదే. అయితే ఎన్నిసార్లు కలవాలి, ఏం అడగాలి అన్నది ఆ సెక్షను చెప్పదు. అందుకే ఒక రిపోర్టుకూ మరోదానికీ పొంతన లేకపోతే ఆశ్చర్యపోనక్కర్లేదు.

2019లో సుప్రీంకోర్టు ముందుకు ఇంకో చిక్కు వచ్చింది. మధ్యవర్తిత్వంలో జరిగింది గోప్యం కదా, ఆ సమయంలో కౌన్సెలరు బిడ్డతో మాట్లాడి ఇచ్చిన రిపోర్టు బయటపెట్టవచ్చా అని. కస్టడీ కేసుల్లో ఆ గోప్యత వర్తించదని కోర్టు తేల్చింది. బిడ్డ మేలు తెలుసుకోవడానికి అది తప్పదన్నది నిజమే. కానీ నాన్న గురించి చెప్పింది నాన్నే చదువుతాడని తెలిస్తే ఏ బిడ్డ నోరు విప్పుతుంది? పిల్లల మాటల్ని ఉన్నదున్నట్టు దించకుండా, కౌన్సెలరు తన అంచనాను, దానికి ఆధారాన్ని రాయడమే మేలని నాకనిపిస్తుంది.