రేషన్ కాలపు చక్కెర బిస్కెట్లు

2022 చివరి శీతాకాలంలో ఒక రాత్రి డ్యూటీలో, విరామపు గదిలో ఒక నర్సు పుస్తకం చదువుకుంటూ కనిపించింది. ఏమిటని అడిగాను. కత్తి పక్కన పెట్టేసి కాఫీ అంగడి తెరిచిన ఒక రాక్షసజాతి యువతి కథ అంది. యుద్ధాలేమైనా ఉన్నాయా అన్నాను. “లేవు డాక్టర్. నాకు నచ్చినవాళ్ళెవరూ ఇందులో చచ్చిపోరు. అందుకే చదువుతున్నాను,” అంది. అంతకుముందు రెండేళ్ళలో ఆమె ఎందరి చేతులు పట్టుకొని ఆఖరి గడియలు గడిపిందో నాకు తెలుసు. అయినా, పెద్దవాళ్ళకు ఈ పిల్లల కథలేమిటని మనసులో కొంచెం చిన్నచూపు చూసిన మాట నిజం. ఆ చిన్నచూపు ఎంత తప్పో చరిత్ర తిరగేస్తే గాని నాకు అర్థం కాలేదు.

ఈ రకం నవలలను ఇప్పుడు ‘కోజీ ఫాంటసీ’ అంటున్నారు. మంత్రాలుంటాయి, లోకాన్ని కాపాడవలసిన మహాయుద్ధం ఉండదు. ప్రేమ ఉంటుంది, అది గుమ్మం దగ్గర తటపటాయించే ప్రేమ. వంటగది, నెగడు, తోట, అంగడి కథాస్థలాలు. పేరు కొత్తదే గాని సరుకు పాతది. ఆ పాతదనాన్ని బాగా చూపే పుస్తకం ఇంగ్లండులో 1946లో వెలువడిన ఎలిజబెత్ గూజ్ నవల ‘ద లిటిల్ వైట్ హార్స్’. ఆ ఏటి బాలసాహిత్యానికిచ్చే కార్నెగీ పతకం దానికే దక్కింది.

కథ 1842లో జరుగుతుంది. తల్లిదండ్రులు లేని పదమూడేళ్ళ మరియా, తన ఉపాధ్యాయిని మిస్ హీలియోట్రోప్‌తో కలిసి మూనేకర్ అనే పాత భవంతికి వస్తుంది. పెద్దవాళ్ళు దూరలేనంత చిన్న తలుపున్న గోపురపు గది ఆమెది. ఆ గదిలో ఆకలేస్తే తినడానికి చక్కెర పువ్వులు అద్దిన బిస్కెట్లు ఒక పెట్టెలో సిద్ధంగా ఉంటాయి. వంటవాడు మార్మడ్యూక్ స్కార్లెట్ మరుగుజ్జు. అతని వంటల వర్ణన కథంతటా పరచుకొని ఉంటుంది. అజీర్తితో బాధపడే ఉపాధ్యాయినిని ఇలాంటి ఇంటికి తీసుకురావడంలో రచయిత్రి హాస్యం నా వంటి వైద్యునికి ప్రత్యేకంగా రుచించింది.

ఈ బిస్కెట్ల విలువ తెలియాలంటే 1946 నాటి బ్రిటన్ వంటింట్లోకి తొంగిచూడాలి. 1940 జనవరి నుంచీ చక్కెర రేషన్‌లో ఉంది. మనిషికి వారానికి సాధారణంగా 8 ఔన్సులు, అంటే పావుకిలోకు కొంచెం తక్కువ. మిఠాయిలకు 1942లో కోటా పెట్టారు. యుద్ధమంతా కోటా లేకుండా దొరికిన రొట్టెకు, యుద్ధం గెలిచిన మరుసటి ఏడు, 1946 జులైలో రేషన్ విధించారు. అది 1948 దాకా సాగింది. చక్కెర 1953 వరకు, మాంసం 1954 వరకు స్వేచ్ఛగా దొరకలేదు. అప్పటి ఎనిమిదేళ్ళ బ్రిటిష్ బిడ్డకు కొరత లేని భోజనబల్ల తన అనుభవంలో ఉన్న విషయం కాదు. ఆ బిడ్డకు ఒంటికొమ్ము గుర్రంకన్నా పెట్టెనిండా ఉన్న బిస్కెట్లే పెద్ద మాయ అయి ఉండాలి.

నాకు తోచిన మొదటి సంగతి ఇది: ఊరడించే కథ కాలాన్ని మరచిపోదు. కాలంలో ఏది కొరతగా ఉందో దాన్నే తూకం తప్పకుండా చెబుతుంది. ఒక తరం ఏ బాధలు పడిందో దాని విషాదగాథలు చెబుతాయి. ఏ చిన్నవాటికోసం మొహం వాచిపోయిందో దాని హాయి కథలు చెబుతాయి. చరిత్రకారునికి రెండూ సాక్ష్యాలే.

ఆ నవలలోని ప్రేమలూ గమనింపదగినవే. మరియా బంధువు సర్ బెంజమిన్, లవ్‌డే అనే యువతి పూర్వం విడిపోయింది గులాబిరంగు జెరేనియం పూలమీద వచ్చిన తగాదాతో! పూలకుండీల మీద జీవితాలు పాడుచేసుకున్నారని నవ్వుకుంటాం గాని, దశాబ్దాలపాటు మాటల్లేని అన్నదమ్ములను ఆసుపత్రి మంచం దగ్గర చూసినవారికి అది అతిశయోక్తి అనిపించదు. ఇక పాత వైరం తీరేది కత్తితో కాదు. పూర్వీకుడు అన్యాయంగా కలుపుకున్న కొండను తిరిగి ఇచ్చివేయడంతో, నిజాన్ని నిరూపించడంతో తీరుతుంది. మెత్తని కథే గాని, న్యాయం విషయంలో మెత్తన కాదు.

‘ఇదంతా పలాయనం’ అనే అభియోగానికి జవాబు అదే కాలంలో వచ్చింది. టోల్కీన్ 1939లో సెయింట్ ఆండ్రూస్‌లో కాల్పనిక కథలమీద చేసిన ప్రసంగం, విస్తృతరూపంలో 1947లో అచ్చయింది. చెరలో ఉన్నవాడు ఇంటిని తలచుకోవడమూ, సైనికుడు యుద్ధభూమి విడిచి పారిపోవడమూ ఒకటి కాదని ఆయన వాదం. ఆ ప్రసంగానికీ ఆ ప్రచురణకూ నడుమ ఆరేళ్ళ యుద్ధం గడిచింది.

అలాగని పుస్తకాన్ని మందుగా రాసివ్వడానికి నేను సిద్ధంగా లేను. పుస్తకచికిత్సకు ఇంగ్లీషులో వాడే ‘బిబ్లియోథెరపీ’ అనే మాటను 1916లో అట్లాంటిక్ మంత్లీ పత్రికలో శామ్యూల్ క్రోథర్స్ అనే మతాచార్యుడు వాడుకలోకి తెచ్చాడు. అది వ్యంగ్యరచన. పాఠకుల రోగాలకు పుస్తకాలు రాసిచ్చే ఒక కల్పిత చికిత్సాలయం అందులో ఉంటుంది. హాస్యంగా పుట్టిన మాట తరవాత గంభీరమైన శాస్త్రనామమై కూర్చుంది. కథ జబ్బు కుదుర్చుతుందని చెప్పలేను. రాత్రి గడవడానికి తోడుంటుందని మాత్రం చెప్పగలను.

ఆ తోడు మన భాషకు కొత్త కాదు. తెలుగు మాధ్యమంలో చదువుకున్న నా తరానికి మధిర సుబ్బన్న దీక్షితుల ‘కాశీమజిలీ కథలు’ గ్రంథాలయపు బీరువాలో చేతికందే సంపద. కాశీకి వెళ్ళే మణిసిద్ధునికి తోడు రావడానికి పశువుల కాపరి కుర్రవాడు పెట్టిన షరతు ఒక్కటే: మజిలీ మజిలీకీ కథ చెప్పాలి. నడక కష్టాన్ని కథ తగ్గించదు. మరునాటి నడకకు కాళ్ళను ఒప్పిస్తుంది.

ఇక ఆ నర్సు చదివిన పుస్తకం. ట్రావిస్ బాల్డ్రీ వృత్తిరీత్యా ఆడియోపుస్తకాలు చదివే గాత్రకారుడు. 2021 నవంబరులో, నెలలో నవల రాసే ఉద్యమంలో భాగంగా ‘లెజెండ్స్ అండ్ లాటేస్’ మొదలుపెట్టి, 2022 ఫిబ్రవరిలో స్వయంగా ప్రచురించాడు. ఆ నవంబరుకే టోర్ సంస్థ దాన్ని తిరిగి అచ్చువేసింది. కిరాయి యోధురాలు వివ్ యుద్ధాలు మాని, కాఫీ అంటే ఏమిటో తెలియని ఊరిలో అంగడి పెడుతుంది. ఒక వడ్రంగి, రొట్టెలు చేసే ఎలుకజాతివాడు, పుట్టుకనుబట్టి జనం అనుమానించే టాండ్రీ ఒక్కొక్కరే వచ్చి చేరతారు. వివ్, టాండ్రీల నడుమ ప్రేమ చివరిదాకా నెమ్మదిగా కాగుతుంది. అదృష్టం తెస్తుందని నేల కింద దాచుకున్న మంత్రశిల పోతుంది, అంగడి కాలిపోతుంది. మనుషులు మిగులుతారు, మళ్ళీ కడతారు.

1946లో కొరత చక్కెర. 2021లో కొరత, అపరిచితుల పక్కన భయం లేకుండా కూర్చొని ఒక కప్పు కాఫీ తాగడం. అయితే ఈ రెంటి మధ్య ఒక మార్పు ఉంది. మూనేకర్ వారసత్వంగా వచ్చిన భవంతి. అక్కడి సుఖం జమీందారు మంచితనం మీద ఆధారపడింది; సేవకుల అసంతృప్తి కథలోకి రాదు. ఆ లోపాన్ని దాచనక్కరలేదు. వివ్ ఇల్లు ఎవరూ ఇచ్చింది కాదు. పరాయి ఊరికి వచ్చి, పేరు కూడా పలకలేనివారికి తన పానీయం రుచి చూపి, చేతులతో కట్టుకున్నది. దేశం విడిచి వచ్చిన మనకు ఆ కథ ఎవరూ విడమరచి చెప్పనక్కరలేదు.

ఆ పుస్తకం చదవడం పూర్తయ్యాక, నర్సుకు ఆ సంగతి చెప్పాను. నా చిన్నచూపు గురించి కూడా చెప్పాను. ఆమె నవ్వి, “మీ ముఖంలో అప్పుడే కనిపించింది లెండి,” అని, రెండు కప్పుల్లో కాఫీ పోసింది.