టి. నగర్ వీధుల ప్రణాళిక: మన మాట ఎక్కడ చెప్పాలి?

టి. నగర్‌కు ఆ పేరు సర్ పిట్టి త్యాగరాయ చెట్టి గారి వల్ల వచ్చింది. చెన్నై కార్పొరేషన్‌కు అధ్యక్షులుగా పనిచేసిన తెలుగువారు ఆయన. ఈ పేటకు నడిబొడ్డున ఉన్న పార్కు పానగల్ రాజా పేరు మోస్తోంది. 1920లలో మాంబళం చెరువు ప్రాంతంలో ఇళ్ల కోసం వేసిన వీధులివి. నేడు అవే వీధులు పట్టుచీరలకూ బంగారానికీ పేరుపడ్డ పెద్ద బజారు. ఎన్నో ఏళ్లుగా ఇక్కడే కాపురముంటున్న మన కుటుంబాలకు వీధి దాటడమే ఒక పని అయింది.

సుస్థిర నగర రవాణా అంటే కొత్త వంతెనలు కట్టడం మాత్రమే కాదు. నడిచేవారికి, సైకిలు తొక్కేవారికి, బస్సుకో రైలుకో వెళ్లేవారికి ముందుగా చోటివ్వడం. చెన్నై కార్పొరేషన్ 2014లో ఇందుకోసం ఒక విధానాన్ని ఆమోదించింది. రవాణాకు కేటాయించే నిధుల్లో కనీసం 60 శాతం నడకకూ సైకిలుకూ ఖర్చు చేయాలన్నది అందులోని లక్ష్యం.

దీనికి మన కళ్లముందున్న ఉదాహరణ పాండీ బజార్. కాలిబాటలను వెడల్పు చేస్తామన్నప్పుడు, కార్లు ఆగే చోటు లేకపోతే బేరాలు పడిపోతాయని వ్యాపారులు భయపడ్డారు. అందుకే శాశ్వతంగా కట్టకముందే, 2016లో తాత్కాలిక ఏర్పాట్లతో వీధిని ప్రయోగాత్మకంగా మార్చి చూపారు. జనం నడిచి చూశారు, అభిప్రాయాలు చెప్పారు. వాహనాలను పూర్తిగా ఆపకుండా, దారిని కుదించి, కాలిబాటలను విశాలం చేసిన ప్లాజా 2019 నవంబరులో ప్రారంభమైంది. కాగితం మీది పటం కన్నా కాలికి తగిలిన నేల ఎక్కువ మందిని ఒప్పించగలదని ఇక్కడ తేలింది.

2023 మేలో మాంబళం రైల్వే స్టేషన్ నుంచి టి. నగర్ బస్ స్టాండు వరకు సుమారు 570 మీటర్ల ఆకాశమార్గం కూడా వచ్చింది. రంగనాథన్ వీధి రద్దీలో పడకుండా స్టేషన్ చేరడానికి అది దారి.

అయితే వీధి మారినప్పుడు నష్టపోయేవారూ ఉంటారు. పూలమ్మే ఆమెకు, తోపుడు బండివానికి కాలిబాటే జీవనాధారం. 2014 నాటి వీధి వ్యాపారుల చట్టం ప్రకారం పట్టణ విక్రయ కమిటీలో కనీసం 40 శాతం మంది వీధి వ్యాపారుల ప్రతినిధులే ఉండాలి. అంటే వారితో మాట్లాడకుండా వారిని తరలించడం పద్ధతి కాదు.

మరి మన ఇళ్లవారి మాట? తమిళనాడు ప్రభుత్వం 2022లో వార్డు కమిటీలకు, ఏరియా సభలకు నిబంధనలు తెచ్చింది. ఆ ప్రాంతపు ఓటరు జాబితాలో పేరున్న ప్రతివారూ ఏరియా సభ సభ్యులే. విరిగిన కాలిబాట, వెలగని దీపం, నీడలేని బస్ స్టాపు వంటివన్నీ అక్కడ చెప్పుకోవచ్చు. "మా వీధి బాగాలేదు" అనడం కన్నా, ఏ మలుపులో, ఏ వేళ, ఎవరికి ఇబ్బందో రాసి ఇస్తే పని తేలికవుతుంది. ఇంట్లో పెద్దవారు, చక్రాల కుర్చీలో తిరిగేవారు ఉంటే వారి అనుభవమే మొదట చెప్పాలి.

పానగల్ పార్కు వద్ద మెట్రో రెండో దశ స్టేషన్ రూపుదిద్దుకుంటోంది. స్టేషన్ మెట్ల నుంచి మన గుమ్మం వరకు నడక ఎలా ఉండాలో చెప్పాల్సిన సమయం ఇదే. రోడ్డు వేశాక చెప్పే మాట ఫిర్యాదు అవుతుంది, ముందే చెబితే ప్రణాళికలో చేరుతుంది. వచ్చే ఏరియా సభకు మనమూ వెళ్దాం.