శ్రీబాగ్ ఒడంబడిక, తుంగభద్ర మండలి: ఆదోని–ఎమ్మిగనూరు ప్రాంతంలో రాజీ చరిత్ర

కీలకపదాలు: శ్రీబాగ్ ఒడంబడిక, బళ్లారి విభజన, తుంగభద్ర మండలి, దిగువ కాలువ, చివరి ఆయకట్టు, సుగ్గి.

ఉపోద్ఘాతం

రాయలసీమ చరిత్ర రచనలో రాజీ అనే మాటకు గౌరవం తక్కువ. అది ఓటమికి మర్యాదపూర్వకమైన పేరన్న భావన బలంగా ఉంది. 1937 నాటి శ్రీబాగ్ ఒడంబడిక అనుభవమే ఇందుకు ప్రధాన కారణం. అయితే పశ్చిమ కర్నూలు ప్రాంతంలో, ముఖ్యంగా ఆదోని, ఎమ్మిగనూరు పరిసరాల్లో, మరో రాజీ ఏడు దశాబ్దాలుగా అమలులో ఉంది. అది తుంగభద్ర నీటి పంపకం. తన హక్కును స్పష్టంగా చెప్పుకొని, ఎదుటి పక్షం అవసరాన్ని గుర్తించి కుదుర్చుకున్నవే ఈ రెండూ. ఒకటి కాగితంపై నిలిచిపోగా మరొకటి లోపాలతోనైనా కొనసాగడానికి గల కారణాలు పరిశీలింపదగినవి.

శ్రీబాగ్: చెప్పవలసినది చెప్పిన ఒప్పందం

1937 నవంబరు 16న మద్రాసులో కాశీనాథుని నాగేశ్వరరావు గృహమైన శ్రీబాగ్‌లో ఈ ఒడంబడిక కుదిరింది. కడప కోటిరెడ్డి, కల్లూరి సుబ్బారావు, పప్పూరి రామాచార్యులు వంటి సీమ నాయకులు, భోగరాజు పట్టాభి సీతారామయ్య, కొండా వెంకటప్పయ్య వంటి కోస్తా నాయకులు ఇందులో పాల్గొన్నారు. ప్రత్యేకాంధ్ర రాష్ట్రం ఏర్పడితే విద్యలో, సంపదలో ముందున్న సర్కారు జిల్లాల ఆధిపత్యం తప్పదన్నది సీమవాసుల శంక. ఆ శంకను వారు దాచుకోలేదు, ఉద్యమాన్ని వీడి వెళ్లిపోనూ లేదు. షరతులుగా మార్చి ఎదుటివారి ముందుంచారు. తుంగభద్ర, కృష్ణ, పెన్న జలాల వినియోగంలో పదేళ్లపాటు, అవసరమైతే అంతకు మించి, రాయలసీమకూ నెల్లూరుకూ ప్రాధాన్యం ఇవ్వాలి. రాజధాని, హైకోర్టులలో ఒకటి కోస్తాలో, ఒకటి సీమలో ఉండాలి; ఏది కావాలో ఎంచుకునే అవకాశం సీమది. అనంతపురంలో విశ్వవిద్యాలయ కేంద్రం వెలియాలి.

రాజధాని విషయంలో మాట నిలిచింది. 1953 అక్టోబరు 1న కర్నూలు ఆంధ్ర రాష్ట్ర రాజధాని అయింది, మరుసటి ఏడు హైకోర్టు గుంటూరులో ఏర్పడింది. 1956లో రెండూ హైదరాబాదుకు తరలిపోయాయి. నీటి షరతుకు ఆ మాత్రం ఆయుష్షు కూడా దక్కలేదు. ప్రాధాన్యం అంటే ఎంత, దాన్ని కొలిచేదెవరు, తప్పితే ఎవరికి చెప్పుకోవాలి అన్న ప్రశ్నలకు ఒడంబడికలో సమాధానం లేదు. సంతకాలు చేసిన పెద్దల పరస్పర విశ్వాసమే దానికి పూచీ. ఆ పెద్దల తరం గడిచాక ఆ పూచీ కూడా పోయింది.

ఇదే కాలంలో, 1938లో, ఎమ్మిగనూరులో మాచాని సోమప్ప చేనేత సహకార సంఘాన్ని స్థాపించారు. సహకార చట్టం కింద నడిచే సంఘానికి నియమావళి, సర్వసభ్య సమావేశం, లెక్కల తనిఖీ తప్పనిసరి. నూలు, కూలి విషయాల్లో సభ్యునికి అసంతృప్తి ఉంటే లేచి అడిగేందుకు ఒక వేదిక ఉంది. శ్రీబాగ్‌కు లోపించినది ఇదే.

బళ్లారి విభజన

ఆదోని తాలూకా, అందులోని ఎమ్మిగనూరుతో సహా, 1953 వరకు బళ్లారి జిల్లాలో భాగం. తెలుగు, కన్నడ భాషలు రెండూ సంతలోనూ ఇంటిలోనూ కలిసి వినిపించే ఈ జిల్లాను పంచడం తేలిక కాలేదు. జస్టిస్ వాంఛూ నివేదిక తర్వాత 1953 మార్చి 25న నెహ్రూ ప్రకటించిన నిర్ణయం ప్రకారం ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఆంధ్రకు, ఆరు తాలూకాలు మైసూరుకు చెందాయి. వివాదాస్పదమైన బళ్లారి తాలూకాపై జస్టిస్ ఎల్.ఎస్. మిశ్రా విచారణ జరిపారు. పట్టణంతో సహా అందులో అధిక భాగం మైసూరుకే దక్కింది.

ఫలితంగా జలాశయం, కాలువ తల మైసూరులో, చివరి పొలాలు ఆంధ్రలో మిగిలాయి. 1955లో రాష్ట్రాల పునర్విభజన సంఘం బళ్లారి, హోస్పేట, సిరుగుప్పలతోపాటు ఆనకట్ట ప్రాంతాన్ని ఆంధ్రకు ఇవ్వాలని సిఫారసు చేసినా అది చట్టరూపం దాల్చలేదు.

మండలి: కొలత ఉన్న రాజీ

సరిహద్దు తీర్చలేని సమస్యను మరో ఏర్పాటు మోయవలసి వచ్చింది. ఆంధ్ర రాష్ట్ర చట్టం 66వ సెక్షను కింద ఏర్పడిన తుంగభద్ర మండలి ఆనకట్టను, ఉమ్మడి కాలువలను నిర్వహిస్తుంది. ఏటా రాగల నీటిని అంచనా వేసి, రాష్ట్రాల కేటాయింపుల నిష్పత్తిలో పంచుతుంది. కొరత వచ్చినా అదే నిష్పత్తి. ఇక్కడ ఎవరికీ పూర్తి తృప్తి లేదు. కాని అభ్యంతరం చెప్పేందుకు సమావేశం ఉంది, దాన్ని నిరూపించేందుకు అంకె ఉంది.

అయితే నిష్పత్తి ఆనకట్ట వద్ద కుదిరినంత సులువుగా పొలం గట్టున కుదరదు. దిగువ కాలువలో మండలి అధీనంలోని భాగమే దాదాపు 250 కిలోమీటర్లు. ఆరుతడి పంటలకు నిర్దేశించిన నీటితో ఎగువన వరి పండుతుంది. గట్టు మీది మోటార్లు మరికొంత లాగుతాయి. ఆదోని, ఎమ్మిగనూరు దాటి కోడుమూరు వైపు చేరేసరికి కాలువ సన్నబడుతుంది. ఎగువ రైతును దొంగ అనడం సులభమే గాని, నల్లరేగడిలో అప్పు చేసి నారు పోసినవాడు ఇంటి ముందు పారే నీటిని చూస్తూ ఊరుకోవడం కష్టమన్నదీ నిజమే. 1997 నాటి సాగునీటి వ్యవస్థల రైతు యాజమాన్య చట్టం నీటి వినియోగదారుల సంఘాలను నెలకొల్పి ఈ తగాదాకు గ్రామస్థాయి వేదికను ఇచ్చింది. కాని ఆ చట్టం ఆంధ్రప్రదేశ్‌ది. ఎగువ గట్టు రైతులో అధిక భాగం కర్ణాటకవాసి. చివరి ఆయకట్టు రైతు గొంతు తన సంఘంలో ఎంత గట్టిగా పలికినా, వినవలసినవాడు ఆ సమావేశంలో ఉండడు.

నీరందని ఏడు ఈ పల్లెలు మిరప, పత్తి కోతలకు గుంటూరు దారి పడతాయి. ఆ వలసకు ఇక్కడి పేరు సుగ్గి, కన్నడంలో పంటకోత కాలాన్ని సూచించే మాట. సొంత ఊరిలో లేని కోతను వెతుక్కుంటూ పోవడానికి ఆ పేరే నిలిచింది.

133 టీఎంసీల సామర్థ్యంతో మొదలైన జలాశయం పూడిక వల్ల ఇప్పుడు సుమారు 105 టీఎంసీలకు తగ్గింది. నిష్పత్తి మారలేదు, పంచుకునేది తగ్గింది. ఆ నష్టాన్ని పూరించేందుకు కర్ణాటక నవలి వద్ద సమతుల్య జలాశయాన్ని ప్రతిపాదించింది. దానికి ఆంధ్రప్రదేశ్, తెలంగాణల అంగీకారం కావాలి.