స్కాను

అనంతపురం పల్లెల్లో 'స్కానింగు' అంటే ముందు గుర్తొచ్చేది కాన్పుల ఆసుపత్రి. జిరాక్స్ అంగడిలో అయితే పట్టాదారు పాసుపుస్తకాన్ని అద్దం మీద బోర్లించడం. మాటకు మూలం లాటిన్ 'స్కాండెరె', అంటే ఎక్కడం. ఇంగ్లీషులో మొదట పద్యపాదాలను లెక్కగట్టడానికి, అంటే మన గణవిభజన లాంటి పనికి, దాన్ని వాడారు. నిశితంగా చూడటమనే అర్థం తర్వాత వచ్చింది. 1957లో అమెరికాలో రస్సెల్ కిర్ష్ తన పసిబిడ్డ ఫొటోను కంప్యూటర్‌కెక్కించాడు: అడ్డం 176, నిలువు 176 చుక్కలు.

ఇంట్లోని చవక స్కానరుదీ అదే లెక్క, చుక్కలే ఎక్కువ. తరిమెల విద్వాన్ విశ్వం 'పెన్నేటి పాట' పాత ప్రతి దొరికిందనుకోండి. అంగుళానికి 300 చుక్కలు సరిపోతాయి. ఒత్తులు మరీ సన్నగా ఉంటే 600 పెట్టాలి. యూఎస్‌బీ తీగతోనే నడిచే పలుచటి స్కానర్లలో అద్దానికి అంటని చోటల్లా మసకే. కుట్టు దగ్గర అక్షరాలు పోతాయి. అలాగని అదిమితే పాత బైండింగు ఊడుతుంది. నాకైతే నాలుగక్షరాలు మసకబారడమే నయం. ఇక ఇక్కడి ఎర్రదుమ్ము! అద్దం మీద ఒక్క రేణువు పడితే చాలు, అది చుక్కో సున్నో తేలదు. మెత్తటి పొడిగుడ్డ పక్కనే ఉంచుకోవాలి.