గీత ఎక్కడ తెగాలి? శంషాబాద్ విమానాశ్రయ గణాంకాల చిత్రణ: ఒక పరిశీలన

హైదరాబాదు ఆధునిక చరిత్రను రాసేవారికి శంషాబాద్ విమానాశ్రయ ప్రయాణికుల లెక్క ఆకర్షణీయమైన ఆధారం. 2008-09లో ఆ సంఖ్య సుమారు 62 లక్షలు. 2023-24లో సుమారు 2.5 కోట్లు. ఈ రెండు బిందువులను కలుపుతూ ఒక గీత గీస్తే నగరాభివృద్ధి కథ మొత్తం అందులో ఇమిడినట్టే అనిపిస్తుంది. కాని ప్రతి చిత్రరూపమూ గతాన్ని గురించి ఒక ప్రతిపాదన చేస్తుంది. రేఖాచిత్రం అవిచ్ఛిన్నతను ప్రతిపాదిస్తుంది. కమ్మీ చిత్రం పరిమాణాలను పోల్చమంటుంది. వృత్తరేఖా చిత్రం ఒక మొత్తంలోని భాగాలను చూపుతానంటుంది. ఆ ప్రతిపాదనకు ఆధారం ఉన్నదా లేదా అన్నది చరిత్రకారుడు తేల్చుకోవలసిన విషయం. చిత్రాన్ని కంప్యూటరుకు వదిలిపెట్టే అలవాటు మన పరిశోధనల్లో ఈ విషయాన్ని మరుగుపరుస్తున్నది.

ఈ భేదం కొత్తది కాదు. విలియం ప్లేఫెయర్ 1786లో లండన్‌లో ప్రచురించిన వాణిజ్య, రాజకీయ అట్లాసులో 44 చిత్రాలున్నాయి. వాటిలో 43 కాలక్రమాన్ని చూపేవి, ఒక్కటి మాత్రమే కమ్మీ చిత్రం. స్కాట్లాండ్ వివిధ దేశాలతో జరిపిన ఎగుమతి దిగుమతుల లెక్క ఆయనకు ఒక్క ఏడాదికే దొరికింది. సంవత్సరాల వరుస లేనిచోట గీత గీయరాదు కనుక కమ్మీలను ఆశ్రయించాడు. ఆధారం ఎంతవరకు ఉన్నదో చిత్రమూ అంతవరకే ఉండాలన్న నియమం ఆ ఒక్క పుటలోనే కనిపిస్తుంది.

శంషాబాద్ విషయంలో మొదటి చిక్కు 2008 మార్చిలోనే ఉన్నది. రాజీవ్ గాంధీ అంతర్జాతీయ విమానాశ్రయంలో విమానాల రాకపోకలు ఆ నెల 23న మొదలయ్యాయి. వాణిజ్య విమానాలకు బేగంపేట మూతపడింది. అంటే 2007-08 ఆర్థిక సంవత్సరంలో చివరి తొమ్మిది రోజులు తప్ప మిగిలిన లెక్కంతా బేగంపేటది. మూడక్షరాల సంకేతం మారలేదు, పట్టికలో 'హైదరాబాదు' అన్న పేరూ మారలేదు. 2000 నుంచి నేటివరకు ఒకే గీత గీసినవారు రెండు వేర్వేరు స్థలాల చరిత్రను ఒకటిగా కుట్టినవారవుతారు. నగర విమానయానమే అధ్యయన విషయమైతే ఆ గీత చెల్లుతుంది. శంషాబాద్ ప్రాంతమే విషయమైతే గీత అక్కడ తెగాలి, లేదా 2008 దగ్గర ఒక నిలువు గీతతో మార్పును గుర్తించాలి.

అలా కుట్టిన గీత మరొక పొరపాటుకూ దారి తీస్తుంది. 2007-08లో సుమారు 70 లక్షలున్న ప్రయాణికులు 2008-09లో 62 లక్షలకు తగ్గారు. తరలింపు జరిగిన ఏడాదే గీత కిందికి దిగితే, నగరానికి దూరమైనందువల్లే ప్రయాణికులు తగ్గారని పాఠకుడు అనుకోవడం సహజం. కాని అదే ఏడాది ఇంధన ధరలు, ప్రపంచ మాంద్యం దేశమంతటా విమానయానాన్ని కుంగదీశాయి. దేశం మొత్తం ప్రయాణికులు సుమారు 11.7 కోట్ల నుంచి 10.9 కోట్లకు పడిపోయారు. ఈ రెండు వరుసలను పక్కపక్కన చూపక తప్పదు.

ఎలా చూపాలి? ఒకే కొలమానంపై గీస్తే హైదరాబాదు గీత అడుగున అంటుకుపోయి చలనం లేనట్టు కనిపిస్తుంది. ఎడమ, కుడి అంచులకు వేర్వేరు కొలమానాలు పెడితే గీసేవారి ఇష్టానుసారం గీతలు దగ్గరవుతాయి, దూరమవుతాయి. అటువంటి చిత్రాన్ని నమ్మకపోవడమే మేలు. 2007-08ను ఆధార సంవత్సరంగా తీసుకొని రెండింటినీ 100తో మొదలుపెట్టే సూచీ సంఖ్యల చిత్రం ఇక్కడ తగినది. దేశం సుమారు 93 వద్ద, హైదరాబాదు 89 వద్ద నిలుస్తాయి. పతనంలో ఎక్కువ భాగం దేశమంతటికీ ఉమ్మడిది. స్థానిక కారణాలకు మిగిలేది ఆ నాలుగు పాయింట్ల తేడా మాత్రమే. అందులోనూ తరలింపు వాటా ఎంతో ఈ చిత్రం చెప్పలేదు.

కోవిడ్ కాలం దీనికి భిన్నమైన ప్రశ్న వేస్తుంది. 2019-20లో సుమారు 2.16 కోట్లు, 2020-21లో సుమారు 80 లక్షలు. వార్షిక కమ్మీ చిత్రంలో ఇది మూడింట రెండు వంతులకు దగ్గరైన పతనం మాత్రమే. అయితే 2020 మార్చి 25 నుంచి మే 24 వరకు దేశీయ షెడ్యూలు ప్రయాణిక విమానాలు పూర్తిగా నిలిచిపోయాయి. ఆ నిశ్శబ్దం నెలవారీ లెక్కలోనే కనిపిస్తుంది. ఏప్రిల్‌ను వదిలి మార్చినీ జూన్‌నూ గీతతో కలిపితే లేని రాకపోకలు ఉన్నట్టు చూపినట్టే. లెక్క దొరకని నెలకు ఖాళీ, రాకపోకలు లేని నెలకు సున్నా అన్న తేడాను కాగితంపైన నిలపాలి.

జనాభా లెక్కల్లో ఇదే చిక్కు హద్దుల రూపంలో ఎదురవుతుంది. 2001లో సుమారు 36 లక్షలున్న హైదరాబాదు నగరపాలక సంస్థ జనాభా 2011 నాటికి సుమారు 68 లక్షలైంది. ఈ రెండు కమ్మీల మధ్య 2007 ఏప్రిల్ ఉన్నది: 12 పురపాలక సంఘాలు కలిసి మహానగరపాలక సంస్థ ఏర్పడిన నెల అది. ఇందులో విచిత్రం ఒకటుంది. ఆనాటి విలీనంలో శంషాబాద్ లేదు. అది 2018లో ప్రత్యేక పురపాలక సంఘమైంది. విమానాశ్రయం పేరు హైదరాబాదుది, నేల మాత్రం 2011 నగర జనాభా కమ్మీకి వెలుపలిది. ఒకే పుటలో రెండు చిత్రాలనూ ముద్రించేవారు ఈ సంగతిని చిత్రం కిందనే తెలపాలి.

వృత్తరేఖా చిత్రం గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు. కోణాల కంటే ఒకే కొలమానంపైనున్న స్థానాలను మానవుల కన్ను కచ్చితంగా పోల్చగలదని క్లీవ్‌లండ్, మెక్‌గిల్ 1984లో ప్రయోగపూర్వకంగా చూపారు. దేశీయ, అంతర్జాతీయ ప్రయాణికుల రెండు భాగాలకు వృత్తం సరిపోవచ్చు. పది విమాన సంస్థల వాటాలకు పనికిరాదు.

మిగిలినది భూమి. విమానాశ్రయ విస్తీర్ణం సుమారు 5,500 ఎకరాలు. కాలక్రమంలో పెరిగే వరుస కాదు కనుక దీనికి గీత కుదరదు, పోల్చడానికి రెండోది లేదు కనుక కమ్మీ వ్యర్థం. ఏ గ్రామంలోని ఏ సర్వే నంబరు రన్‌వే కింద ఉన్నదో, ఏది టెర్మినల్ కింద ఉన్నదో చూపగలిగేది పటం ఒక్కటే. ప్రయాణికుల రేఖాచిత్రం 2008లో మొదలవుతుంది. ఈ పటం అంతకు ముందరి సాగుభూముల నుంచి మొదలుకావలసి ఉంటుంది.