విడుదలైన వరుస, వాయించిన వరుస: జాన్ కోల్ట్రేన్ సంగీత పరిణామంపై పునరాలోచన

జాన్ కోల్ట్రేన్ (1926–1967) సాక్సొఫోన్ సంగీతాన్ని మూడు దశలుగా చెప్పుకోవడం విమర్శకులకూ అభిమానులకూ అలవాటైపోయింది. ప్రెస్టీజ్ కంపెనీకి 1957–58లో వాయించినది సాధన దశ. అట్లాంటిక్ కంపెనీలో 1959 నుంచి 1961 దాకా వాయించినది హార్మనీని దాని అంచులదాకా నడిపించిన దశ. ఇంపల్స్ కంపెనీలో 1961 నుంచి మరణం దాకా సాగినది ఆధ్యాత్మిక దశ. ఒక్కో మెట్టూ ఎక్కినప్పుడు కింది మెట్టును వదిలేశాడన్నది ఈ విభజన లోపల దాగిన భావన. అయితే ఈ మూడు దశల హద్దులూ ఆయన మూడు కంపెనీలతో చేసుకున్న ఒప్పందాల తేదీలే. కళాకారుడి ఆలోచన మారిన రోజులూ ఒప్పంద పత్రాల మీద సంతకాలు పడిన రోజులూ ఇంత కచ్చితంగా కలిసిపోవడం అనుమానించదగ్గ విషయం. 1990లలో వచ్చిన సమగ్ర సంపుటాలు ఈ అనుమానాన్ని పరీక్షించే వీలు కల్పించాయి: ప్రెస్టీజ్ రికార్డింగులు పదహారు సీడీల్లో 1991లో, అట్లాంటిక్‌వి ఏడింటిలో 1995లో, ఇంపల్స్‌కు ఆయన క్వార్టెట్ స్టూడియోలో వాయించినవి ఎనిమిదింటిలో 1998లో వచ్చాయి. ఆల్బంల వారీగా కాక రికార్డు చేసిన తేదీల వరుసలో వీటిని వింటే మెట్ల చిత్రం నిలవదని నా వాదన. కోల్ట్రేన్ ఒక పద్ధతిని వదిలి ఇంకొకదానికి పోలేదు. పరస్పర విరుద్ధంగా కనిపించే పద్ధతులను ఒకే కాలంలో, కొన్నిసార్లు ఒకే వారంలో, పక్కపక్కనే నడిపాడు.

ముందుగా ఆనాటి శ్రోత ఏ వరుసలో విన్నాడో చూడాలి. 1958 చివరికల్లా కోల్ట్రేన్ ప్రెస్టీజ్‌కు వాయించడం ఆపేశాడు. కంపెనీ దగ్గర మాత్రం విడుదల కాని టేపులు బోలెడు మిగిలాయి. ఆయన పేరు పెరిగేకొద్దీ వాటిని ఒక్కొక్కటిగా బయటికి తీస్తూ వచ్చింది. ‘మై ఫేవరిట్ థింగ్స్’ ఆయనను సామాన్య శ్రోతలకు కూడా పరిచయం చేసిన 1961లోనే 1957–58 నాటి ‘లష్ లైఫ్’, 1958 నాటి ‘సెట్టిన్ ది పేస్’ కొత్త ఆల్బంలుగా దుకాణాలకు చేరాయి. 1958లో వాయించిన ‘బహియా’ 1965లో, అంటే ‘ఎ లవ్ సుప్రీమ్’ వచ్చిన ఏడాదే వెలువడింది. అట్లాంటిక్ చేసినదీ ఇదే. 1960 అక్టోబరులో ఒక్క వారం లోపల జరిగిన సెషన్ల సరుకు 1961, 1962, 1964 సంవత్సరాల్లో మూడు వేర్వేరు ఆల్బంలుగా పంపిణీ అయింది. దుకాణంలో కొన్న క్రమాన్ని బట్టి పరిణామాన్ని ఊహించిన శ్రోతకు ఒక ఏడు ముందుకు దూకి, మరుసటి ఏడు వెనక్కి జారే మనిషి కనిపించి ఉండాలి. ఈ గందరగోళాన్ని సర్దడానికే తర్వాతి చరిత్రకారులు దశల విభజనను గట్టిగా పట్టుకున్నారని నాకనిపిస్తుంది. ఆ సర్దుబాటులో వాళ్లు అవసరానికి మించి చదును చేశారు.

తేదీల వరుస ఎంత భిన్నమైన కథ చెబుతుందో తెలియడానికి 1959 ఒక్కటి చాలు. ఆ ఏడాది మార్చి 2న, ఏప్రిల్ 22న కోల్ట్రేన్ మైల్స్ డేవిస్ బృందంలో ‘కైండ్ ఆఫ్ బ్లూ’కు వాయించాడు. కార్డులు (కలిపి మోగే స్వరాల గుంపులు) గబగబా మారకుండా ఒకే స్వరసముదాయం మీద చాలాసేపు నిలిచి మనోధర్మం నడిపే ‘మోడల్’ పద్ధతి ఆ ఆల్బంది. రాగాలాపన విని పెరిగిన చెవికి ఈ నిలకడ సులువుగానే పట్టుబడుతుంది. మే 4, 5 తేదీల్లో ఆయన సొంత బృందంతో ‘జయంట్ స్టెప్స్’ వాయించాడు. ఇది దానికి పూర్తిగా ఎదురు దిక్కు. పదహారు బార్ల రచనలో కార్డు ఇరవై ఆరుసార్లు మారుతుంది. ఒక స్థాయిని మూడు సమభాగాలు చేసి బి, జి, ఇ-ఫ్లాట్ అనే మూడు శ్రుతుల మధ్య తిప్పుతూ, ఊపిరి సలపని వేగంలో పరుగెత్తిస్తుంది. రెండింటికీ మధ్య రెండు వారాలు కూడా లేవు. అట్లాంటిక్ సంపుటంలో మార్చి 26న వేరే బృందంతో చేసిన తొలి ప్రయత్నాలు కూడా ఉన్నాయి. అంటే ‘కైండ్ ఆఫ్ బ్లూ’ రెండు సెషన్ల నడుమే ఈ రచన స్టూడియోకు చేరింది. ‘హార్మనీ దారి మూసుకుపోయింది కాబట్టి మోడల్ పద్ధతికి మళ్లాడు’ అన్న వివరణ పాఠ్యపుస్తకాలకు ఇంపుగా ఉంటుంది గానీ, మార్చి నుంచి మే దాకా జరిగిన ఈ పని దాన్ని ఒప్పుకోదు. రెండు దారులూ ఆయన ముందు ఒకేసారి తెరిచి ఉన్నాయి. రెండింటిలోనూ ఆయన నడిచాడు.

‘జయంట్ స్టెప్స్’ను తర్వాతి కాలంలో కచేరీల్లో దాదాపు వాయించలేదు కదా, అదే వదిలేశాడనడానికి సాక్ష్యం కాదా అని అడగవచ్చు. ఆ రచనను పక్కన పెట్టాడన్నది నిజం. కానీ దానికోసం తయారు చేసుకున్న పనిముట్టును పక్కన పెట్టలేదు. అంత వేగంలో కార్డు మారినప్పుడల్లా దాన్ని చెవికి తెలియజేయడానికి ఆయన స రి గ ప వంటి నాలుగు స్వరాల చిన్న పలుకులను వాడాడు. శ్రుతి మారగానే అదే పలుకు కొత్త ఆధారం మీద మళ్లీ మొదలవుతుంది. 1964 డిసెంబరు 9న రికార్డయిన ‘ఎ లవ్ సుప్రీమ్’ మొదటి భాగం చివర్లో ఏం జరుగుతుందో గమనించండి. జిమ్మీ గారిసన్ బాస్ తన శ్రుతిని వదలకుండా నిలిచి ఉంటుంది. దాని మీద కోల్ట్రేన్ నాలుగు స్వరాల ఒక పలుకును పన్నెండు శ్రుతుల్లోకీ తిప్పుతాడు. లూయిస్ పోర్టర్ కోల్ట్రేన్ గురించి రాసిన తన 1998 పుస్తకంలో దీన్ని వివరంగా విశ్లేషించాడు. కింద కార్డులు మారాల్సిన పని ఇక లేదు, మార్పులన్నీ సాక్సొఫోన్ పంక్తిలోనే ఉన్నాయి. 1967 ఫిబ్రవరి 22న రషీద్ అలీ డ్రమ్స్ ఒక్కటే తోడుగా వాయించిన ‘ఇంటర్‌స్టెల్లర్ స్పేస్’లో ఈ అలవాటు ఇంకా ముదిరింది. చిన్న పలుకులు ఒక శ్రుతి నుంచి ఇంకోదానికి ఎంత త్వరగా దూకుతాయంటే మొదటిసారి వినేవాళ్లకు నియమమే లేనట్టు తోస్తుంది. ఇది 1959 నాటి క్రమశిక్షణే. పియానో తప్పుకుంది, బాస్ తప్పుకుంది, పలుకును తిప్పే విద్య మిగిలింది.

రెండో అభ్యంతరం మెత్తని పాటల గురించి. 1961 నవంబరులో న్యూయార్క్ జాజ్ క్లబ్ విలేజ్ వాన్‌గార్డ్‌లో ఎరిక్ డాల్ఫీతో కలిసి ఆయన వాయించిన తీవ్రమైన సంగీతం ఇప్పుడు నాలుగు సీడీల్లో దొరుకుతుంది. ఆ నెలలోనే ‘డౌన్‌బీట్’ పత్రికలో జాన్ టైనన్ వాళ్ల సంగీతానికి ‘యాంటీ జాజ్’ అని ముద్ర వేశాడు. తర్వాత ‘బ్యాలడ్స్’, డ్యూక్ ఎల్లింగ్టన్‌తో ఒక ఆల్బం, గాయకుడు జానీ హార్ట్‌మన్‌తో ఇంకొకటి వచ్చాయి. ఇవన్నీ విమర్శకుల నోరు మూయించడానికి నిర్మాత బాబ్ థీల్ చేయించినవేననీ, కోల్ట్రేన్ అసలు దారికి వాటితో సంబంధం లేదనీ ఒక వాదం ఉంది. నిర్మాత ప్రోద్బలాన్ని కాదనలేం. కానీ ప్రోద్బలం ఒక ఆల్బం ఎందుకు పుట్టిందో చెబుతుంది, అందులోని ఊపిరి ఎక్కడిదో చెప్పదు. హార్ట్‌మన్ సెషన్ 1963 మార్చి 7న జరిగింది. దానికి ముందు రోజే ఆ క్వార్టెట్ అదే స్టూడియోలో వాయించిన టేపు యాభై ఐదేళ్లు మరుగున ఉండి 2018లో ‘బోత్ డైరెక్షన్స్ ఎట్ వన్స్’గా వచ్చింది. పేరైనా పెట్టని సొంత రచనలు, పియానో లేకుండా సాగిన టేకులు, సొప్రానో సాక్సొఫోన్ మీద అన్వేషణ, అన్నీ ఆ ఒక్క రోజు పనిలో ఉన్నాయి. అంత పదునైన వాయిద్యం మర్నాడు గాయకుడి గొంతు వెనక ఒదిగి, ఒక్క స్వరం కూడా ఎక్కువ కాకుండా వాయించగలిగిందంటే, ఆ ఒదుగు అప్పు తెచ్చుకున్నది కాదు. 1959లో భార్య పేరుతో రాసిన ‘నైమా’ను ఆయన 1966లో కూడా వాన్‌గార్డ్‌లో వాయించాడు. అది వాయించమని ఏ నిర్మాతా అడిగి ఉండడు.

అన్నిటికంటే బలమైన అభ్యంతరం 1965. జూన్ 28న పదకొండుమందితో సుమారు నలభై నిమిషాల ‘అసెన్షన్’ వచ్చాక వెనక్కి పోయే దారి లేదనీ, ఏడాది తిరిగేలోపు పియానిస్టు మెకాయ్ టైనర్, డ్రమ్మర్ ఎల్విన్ జోన్స్ బృందాన్ని వదిలిపోవడమే అందుకు రుజువనీ అంటారు. ఇందులో ఒప్పుకోవలసింది ఉంది. తాళం విషయంలో నిజంగానే తెగతెంపు జరిగింది. ఎల్విన్ జోన్స్ ఎన్ని పొరలు వేసినా అడుగున లెక్క వినిపిస్తూనే ఉంటుంది. రషీద్ అలీ దగ్గర ఆ లెక్క కరిగిపోయి ప్రవాహం మిగులుతుంది. దీన్ని కొనసాగింపుగా చూపాలని ప్రయత్నిస్తే నా వాదమే కృతకమవుతుంది. రాగధోరణి మాట వేరు. ‘అసెన్షన్’కు ముందు మే 26న ‘డియర్ లార్డ్’, జూన్ 10న ‘వెల్కమ్’ రికార్డయ్యాయి. రెండూ ప్రార్థనలా నిదానంగా సాగేవే. 1966 జూలైలో జపాన్ కచేరీల్లో వినిపించిన ‘పీస్ ఆన్ ఎర్త్’ కూడా ఆ కోవలోదే. తాళం తెగినచోట పాట తెగలేదు. పరిణామం అనే మాటను సంగీతంలోని అన్ని అంగాలకూ ఒకే తేదీతో అంటగట్టడం వల్లనే ఈ తేడా మరుగున పడింది.

సమగ్ర సంపుటం కూడా నిర్దోషి కాదు. అది ఒక కంపెనీ ఆస్తి. అందువల్ల 1957లో కోల్ట్రేన్ ప్రెస్టీజ్‌కు వాయిస్తూనే సెప్టెంబరులో మరో కంపెనీ బ్లూ నోట్‌కు ‘బ్లూ ట్రేన్’ చేసిన సంగతీ, ఆ నెలల్లోనే జాజ్ క్లబ్ ఫైవ్ స్పాట్‌లో పియానిస్టు థెలోనియస్ మంక్ పక్కన రాటుదేలిన సంగతీ ప్రెస్టీజ్ పదహారు సీడీల్లో వినిపించవు. మంక్‌తో 1957 నవంబరు 29న కార్నెగీ హాల్లో వాయించిన టేపు లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌లో 2005లో బయటపడేదాకా ఆ సాహచర్యానికి వినదగ్గ ఆధారాలు చాలా తక్కువ. వద్దనుకున్న టేకులను కూడా సంపుటాల్లో చేర్చడం కళాకారుడి నిర్ణయాన్ని కాదనడమే అనే ఆక్షేపణ ఒకటుంది. ఆస్వాదనకు అది న్యాయమైన మాట, పరిశోధనకు వర్తించదు. పైగా కళాకారుడి తుది నిర్ణయం ఏదన్నది ఎప్పుడూ స్పష్టంగా ఉండదు: ‘అసెన్షన్’ మొదటి ముద్రణలో ఒక టేకు, తర్వాతి ముద్రణల్లో మరో టేకు వచ్చాయి. ఆయన పోయాక భార్య ఆలిస్ కోల్ట్రేన్, 1965–66 నాటి టేపులకు తీగవాద్యాలు జోడించి 1972లో ‘ఇన్ఫినిటీ’గా విడుదల చేసింది. అది ఆమె సంగీతంగా విలువైనదే. జాన్ పరిణామానికి సాక్ష్యంగా వాడేటప్పుడు మాత్రం ఆ పొరను విడదీసి వినాలి.

కాబట్టి కంపెనీల హద్దులు దాటి, ఒకే పాటను ఆయన జీవితం పొడవునా వెంబడించడం మేలైన పద్ధతి. అందుకు ‘మై ఫేవరిట్ థింగ్స్’ను మించినది లేదు. 1960 అక్టోబరులో అట్లాంటిక్‌కు వాయించినప్పుడు అది పద్నాలుగు నిమిషాలు కూడా లేదు. 1966 జూలైలో టోక్యోలో గారిసన్ దీర్ఘమైన బాస్ ఏకవాదనతో మొదలై యాభై ఏడు నిమిషాలు సాగింది. 1967 ఏప్రిల్ 23న హార్లెమ్‌లోని ఒలతుంజీ కేంద్రంలో, మరణానికి మూడు నెలల ముందు, మళ్లీ వాయించాడు. 2001లో విడుదలైన ఆ రికార్డింగు శబ్దం నలిగి, పెళుసుగా ఉంటుంది. మొహమాటం లేకుండా చెప్పాలంటే చాలాచోట్ల వినడం కష్టం. అయినా ఆ పాట స్వరకర్త రాడ్జర్స్ బాణీ అందులో గుర్తుపట్టగలిగేలా వస్తుంది. టోక్యో, హార్లెమ్ రికార్డింగులను చివరి దశ అనే అరలో వేరుగా పెట్టకుండా 1960 నాటి టేకు పక్కన పెట్టి, బాణీ ఎన్నోసారి తిరిగి వస్తున్నదో, ప్రతి రాకకూ మధ్య ఏ పలుకులు ఏ శ్రుతుల్లోకి కదులుతున్నాయో స్వరపరిచి పోల్చే పని జరగాలి. దశల హద్దుల్లో ఏది ఆయన సంగీతానిదో, ఏది కంపెనీల లెక్కదో ఆ పోలికలోనే తేలుతుంది.